కనబడని పనికే ముందు డబ్బు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. సభలో తెలుగు మాట్లాడమంటే కొంచెం బెరుకు. తప్పులుంటే మన్నించండి. ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువు గురించి, కట్నాల గురించి పెద్దలు చాలా మంచి మాటలు చెబుతున్నారు. ఈసారి కార్యదర్శి గారు, "మాస్టర్ సాబ్, ఇంటికి పనికొచ్చే మాట ఏదన్నా చెప్పండి" అన్నారు. అందుకని ఇంట్లో కరెంటు పని గురించి చెప్పదలచుకున్నాను.

మనమందరం ఎరిగిన సంగతే. ఒక ఫ్యాను బిగించడానికి ఎలక్ట్రీషియన్ను పిలుస్తాం. అతను బోర్డు విప్పి చూసి, "సాబ్, ఫ్యాను ఒక్కటి కాదు, ఇక్కడ ఇంకా చాలా పని ఉంది" అంటాడు. ఆ మాట వినగానే మనలో సగం మంది "వీడు దోచుకోవడానికి వచ్చాడురా" అనుకుంటాం. మిగతా సగం మంది భయపడి చెప్పినదానికల్లా తల ఊపుతాం. రెండూ తప్పే. నేను మొదటి రకం మనిషిని. దానికి మా ఇంట్లో ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

మా ఇల్లు కడప పాత వీధుల్లో ఉంది. మా నాన్నగారు 1986లో కట్టించారు. 2018లో మా చెల్లెలి నిఖా కుదిరింది. సున్నాలు వేయిస్తూ, పనిలో పనిగా కరెంటు కూడా చూడమని ఒక అబ్బాయిని పిలిచాను. ఐ.టి.ఐ. చదివినవాడు. ఒక పూటంతా చూసి, చీటీ మీద ఐదు కలాలు రాసిచ్చాడు. మొదటిది, హాలుకు, వరండాకు కొత్త స్విచ్చులు, ప్లేట్లు. రెండోది, వెనక గదిలోని పాత అల్యూమినియం వైరు తీసి రాగి వైరు లాగడం. మూడోది, మెయిన్ బోర్డులో పింగాణీ ఫ్యూజులు తీసి ఎం.సి.బి.లు పెట్టడం. నాలుగోది, కొత్తగా ఎర్త్ గొయ్యి తవ్వి, అన్ని ప్లగ్గులకు ఎర్త్ వైరు కలపడం. ఐదోది, ఆర్.సి.సి.బి. అనే ఒక పెట్టె. మొత్తం ఇరవై మూడు వేల ఐదు వందలు.

పెళ్ళి ఖర్చు మీకు తెలియనిది కాదు. నేను కలం తీసి నాలుగూ ఐదూ కొట్టేశాను. ఏడు వేలు తగ్గింది. "గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోసి పూడ్చేస్తే నాకేం కనబడుతుందిరా?" అని పైగా హాస్యమాడాను. ఆ అబ్బాయి, "మాస్టర్ సాబ్, ప్లేట్లు తరువాతైనా వేసుకోవచ్చు, ఇది ముందు చేయించండి" అని రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు. ప్లేట్లు పెళ్ళివారికి కనబడతాయి గదా!

2019 మే నెల. మా కడప ఎండలు మీకు చెప్పనక్కరలేదు. అమ్మీ జొహర్ నమాజు ముగించి, కూలరులో నీళ్ళు అయిపోయాయని బిందెతో పోయబోయింది. కాళ్ళకు చెప్పులు లేవు. నేల తడి. ఇనుప రేకు కూలరు. చెయ్యి తగలగానే కెవ్వుమని అరిచి వెనక్కు పడింది. మా వాడు పరిగెత్తి మెయిన్ ఆపాడు. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది గాని, మణికట్టు విరిగింది. రెండు నెలలు తన చేత్తో అన్నం తినలేకపోయింది.

అదే అబ్బాయిని పిలిచాను. కూలరు విప్పి, పంపు మోటారు లోపల తడి చేరి కరెంటు రేకుకు ఎక్కిందని చూపించాడు. "మరి కొత్త ఎం.సి.బి. పెట్టావు గదా, అది ఎందుకు పడలేదు?" అని నేను గట్టిగానే అడిగాను. అప్పుడతను చెప్పిన పాఠం నేను బి.ఎడ్.లో కూడా వినలేదు. అది మీకు చెప్పాలి.

ఎం.సి.బి. గాని, పాత ఫ్యూజు గాని కాపాడేది వైరును. మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంటే 16 ఆంపియర్ల దాకా కరెంటును పోనిస్తుంది. మనిషి ప్రాణం తీయడానికి అంత అక్కరలేదు. ఆంపియరులో వెయ్యో వంతును మిల్లీ ఆంపియరు అంటాం. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా పోతే చాలు. ఇళ్ళల్లో పెట్టే ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లది. వెళ్ళిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది లెక్క చూస్తూ ఉంటుంది. ఆ మేరకు తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. దానిని 30తో భాగించి చూడండి, ఐదు వందల రెట్ల పైచిలుకు తేడా. లెక్కల మాస్టర్ని, ఆ లెక్క నాకు ఎవరూ చెప్పకపోయినా తెలియాలి.

ఇక ఎర్త్ సంగతి. కూలరు రేకుకు కరెంటు ఎక్కితే అది భూమిలోకి పోవడానికి ఒక దారి కావాలి. ఎర్త్ వైరు ఉంటే ఆ దారిన పోతుంది. దానితో పాటు ఆర్.సి.సి.బి. ఉంటే, మనం ముట్టుకోక ముందే కరెంటు ఆగిపోతుంది. ఎర్త్ లేకపోతే మా అమ్మీ చెయ్యే దానికి దారి అయ్యింది. నేను కొట్టేసిన నాలుగో కలమూ, ఐదో కలమూ ఇవే. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. పాత చీటీ జేబులోంచి తీసి ఆ రెండు కలాలూ మళ్ళీ రాసిచ్చాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అయితే, సోదరులారా, దీన్నిబట్టి ఎలక్ట్రీషియను చెప్పిందల్లా చేయించండి అని నేను అనడం లేదు. రెండో సంగతి కూడా వినండి. మా వీధిలో ఒక ఖాలా ఉంది. భర్త లేడు, బట్టలు కుట్టి బతుకుతుంది. ఆమె ఇంట్లో రోజూ పొద్దున ఎం.సి.బి. పడిపోతోంది. చూడ్డానికి వచ్చినతను, "ఇల్లంతా వైరింగు పోయింది, మొత్తం మార్చాలి, ముప్పై ఎనిమిది వేలు" అన్నాడు. ఖాలా గాజులు కుదువ పెట్టడానికి బయలుదేరింది. మా ఆవిడ ఆపి నాకు చెప్పింది. నేను మన అబ్బాయిని తీసుకెళ్ళాను.

అతను చేసింది చాలా చిన్న పని. ఇంట్లో ఉన్న సామానంతా ప్లగ్గుల్లోంచి తీయించాడు. ఎం.సి.బి. ఎత్తితే నిలిచింది. తరువాత ఒక్కొక్కటే పెట్టించాడు. ఫ్యాను పెట్టాడు, నిలిచింది. మిక్సీ, నిలిచింది. నీళ్ళు కాచే హీటరు పెట్టగానే టపీమని పడింది. జబ్బు హీటరుకు గాని ఇంటికి కాదు. తరువాత మెగ్గరు అనే పరికరంతో వైర్ల తొడుగు బలం కొలిచాడు. 500 వోల్టుల మీద కనీసం ఒక మెగోము చూపించాలి. ఖాలా ఇంట్లో అంతకు ఎంతో ఎక్కువ చూపించింది. అంటే వైరింగు నిక్షేపంలా ఉంది. కొత్త హీటరు కొనుక్కుంటే సరిపోయింది. గాజులు చేతికే ఉన్నాయి. అయితే వంటింటి ప్లగ్గులో ఎర్త్ వైరు ఊడి ఉండడం అతని కంట పడింది. అదొక్కటీ కలిపి వచ్చాడు.

ఈ రెండు ఇళ్ళ అనుభవం నుంచి నేను నేర్చుకున్నది చెబుతాను. అదనపు పని అవసరమా కాదా అన్నది అతని ముఖం చూసి, మన జేబు చూసి తేల్చేది కాదు. నాలుగు ప్రశ్నలు అడిగి తేల్చాలి.

మొదటి ప్రశ్న, "ఏం చెడిపోయింది, చూపించు నాయనా" అని. నిజంగా చెడితే ఆనవాలు ఉంటుంది. బోర్డు విప్పితే వైరు తొడుగు పెళుసుబారి రాలుతుంది, నల్లగా మాడి ఉంటుంది. స్విచ్చు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. కాలిన వాసన వస్తుంది. కుళాయి పట్టుకున్నా, ఫ్రిజ్జు పట్టుకున్నా జిల్లుమంటుంది. వీటిలో ఏది కనబడినా ఆలస్యం వద్దు. పాత అల్యూమినియం వైర్ల అతుకులు ఏళ్ళు గడిచేకొద్దీ వదులై వేడెక్కుతాయి, వాటి విషయంలో అతను మార్చమంటే వినడమే మంచిది. అంతేగాని పైపుల్లో లాగిన మంచి రాగి వైరును, పాతదైందన్న ఒక్క కారణంతో తీసి పారేయనక్కరలేదు.

రెండో ప్రశ్న, "కొలిచి చూపిస్తావా?" అని. వైరింగు పోయిందంటే మెగ్గరు పెట్టి చూపాలి. ఎర్త్ లేదంటే పరికరంతోనో టెస్టు లాంపుతోనో చూపాలి. తెలిసినవాడు ఈ మాటకు కోపగించుకోడు, సంతోషిస్తాడు. ఇవి మనం స్వయంగా చేసే పరీక్షలు మాత్రం కావు. లైసెన్సు, అనుభవం ఉన్నవాడే చెయ్యాలి.

మూడో ప్రశ్న, "ఇది చేయించకపోతే ఏమవుతుంది?" అని. ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. "మనిషికి షాకు కొడుతుంది, ఇల్లు అంటుకుంటుంది" అనే జవాబు వస్తే, అది నిజమని చూపిస్తే, అప్పుచేసి అయినా చేయించండి. "చూడ్డానికి బాగుండదు" అనే జవాబు వస్తే వచ్చే సంవత్సరం చూద్దామనండి. ఎక్కువ కరెంటు తాగే సామాను ఏదీ లేని ఇంటికి త్రీ ఫేజు కనెక్షను ఎందుకు? లోడు పెంచితే కట్టవలసిన డబ్బూ పెరుగుతుంది.

నాలుగోది, "కలం కలంగా రాసివ్వు" అని. ఎన్ని మీటర్ల వైరు, ఏ సైజు, సామానుకు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా ఉండాలి. దీపాలకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5 వాడడం మామూలు. వైరు చుట్ట మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోండి. పెద్ద మొత్తమైతే, ఆ పని తాను చేయని ఇంకొకతనికి చూడ్డానికి మాత్రమే కూలి ఇచ్చి చూపించండి. కొన్ని వందలు పోతాయి, వేలు నిలుస్తాయి.

ఎవరు చెప్పినా ఒప్పుకోకూడని పనులు కూడా ఉన్నాయి. ఎం.సి.బి. మాటిమాటికీ పడుతోందని దాని స్థానంలో పెద్దది పెట్టమనకండి. అప్పుడు ఎం.సి.బి. నిలుస్తుంది, గోడలో వైరు కాలుతుంది. ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టడమూ అంతే. ఎర్త్ లేదని ప్లగ్గులో న్యూట్రలునూ ఎర్తునూ కలిపేస్తారు కొందరు. ఎక్కడైనా న్యూట్రలు తెగిందంటే ఆ సామాను ఒళ్ళంతా కరెంటు అవుతుంది. ఆర్.సి.సి.బి. పడుతోందని దాన్ని తీసేయించేవాళ్ళు కూడా ఉన్నారు. కుక్క మొరుగుతోందని కుక్కను వెళ్ళగొడితే దొంగ పోతాడా?

తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. కూలరులో నీళ్ళు పోసే ముందు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు కూడా తీయండి. మూడు కాళ్ళ ప్లగ్గులో లావు కాలు విరగ్గొట్టి రెండు కాళ్ళ సాకెట్టులో దూర్చకండి. ఆ లావు కాలే ఎర్త్. ఆర్.సి.సి.బి. ఉన్నవారు దాని మీదున్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కండి. పడితే అది పనిచేస్తున్నట్టు. పడకపోతే వెంటనే మార్పించండి.

ఆఖరున మన సంఘానికి ఒక విన్నపం. ఏటా మనం పుస్తకాలు పంచుతున్నాం, కుట్టు మిషన్లు ఇస్తున్నాం. ఒక మెగ్గరు కూడా కొనిపెడదాం. మన పిల్లలు ఎంతోమంది ఐ.టి.ఐ. చేసి ఈ పనిలో ఉన్నారు. ఎండాకాలం రాకముందే, షాబాను నెలలోనో రజబులోనో అని కాకుండా ఫిబ్రవరిలోనే, ఒక ఆదివారం వాళ్ళను కూర్చోబెట్టి, దిక్కులేని ముసలివాళ్ళ ఇళ్ళూ వితంతువుల ఇళ్ళూ చూపిద్దాం. వాళ్ళ కూలి వాళ్ళకు ఇద్దాం. ఎర్త్ లేని ఇంటికి ఎర్త్ వేయిద్దాం. దానికి ఏ పైకం వాడవచ్చో మన ఉలమాలను అడిగి చేద్దాం. మొదటి చందా నాది, ఏడు వేల రూపాయలు. ఆ మొత్తం ఎందుకో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ పని చేసే పిల్లలకు కూడా ఒక మాట. ఇంటివాడికి కనబడని పనిని మీ చేతుల్లో పెడుతున్నాడు. అది అమానతు. అవసరం లేని పని చెబితే, ఆ తరువాత అవసరమైన పని చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు. ఆ అపనమ్మకం వల్లే నేను మంచివాడి మాట కూడా కొట్టేశాను.

ఒంటెను కట్టి, ఆపైన అల్లా మీద భారం వేయాలని మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. మన ఇళ్ళల్లో కట్టవలసిన ఒంటె మెయిన్ బోర్డు దగ్గర ఉంది. ఇంటికి వెళ్ళి ఒకసారి చూసుకోండి.