తెరలేని పాటలపేటిక



నేను నేడు ముచ్చటింపదలచిన వస్తువు కడు చిన్నది. పొడుముకాయ పట్టు చోట నిముడును. చూచుటకు దానికి తెర లేదు, అంకెలు లేవు, అక్షరములు లేవు. నొక్కుటకు నాలుగైదు మీటలును, చెవికి తగిలించుకొనుటకొక తీగయు మాత్రమే కలవు. అయినను దానిలో వందలకొలది పాటలు దాగియుండును. పిల్లలు దీనిని 'ఎం.పి.త్రీ ప్లేయరు' అందురు. మా యారాడలో కొందరి జేబులలో నిది కనబడినపుడు నేను మొదట తాయెత్తు కాబోలు ననుకొంటిని.

దీని పుట్టుక నించుక చెప్పెదను. 2005 సంవత్సరము జనవరి 11వ తేదీని అమెరికాలో ఆపిల్ సంస్థాధిపతి స్టీవ్ జాబ్స్ 'ఐపాడ్ షఫుల్' అనుదానిని లోకమునకు చూపెను. బరువు 22 గ్రాములు, అనగా రెండు తులములకు లోపు. చిన్నదానిలో 120 పాటలు పట్టును, ధర 99 డాలర్లు. పెద్దదానిలో 240 పాటలు పట్టును, ధర 149 డాలర్లు. అంతకు మున్ను వారి పేటికలకు తెర యుండెడిది. దానిని తీసివేయుటచే వస్తువు చిన్నదై, చౌకయయ్యెను. 2009లో వారు మరియొక యడుగు ముందుకు వేసి, పేటికపైని మీటలను గూడ తీసి తీగకు తగిలించిరి. పాట పేరును యంత్రమే పలుకునట్లు చేసిరి. పదునాలుగు భాషలలో పలికెనట. అందు తెలుగు లేదు. జనులకు మీటలు లేకుండుట నచ్చలేదు కాబోలు, మరుసటి యేటనే అవి తిరిగి వచ్చినవి. 2017 జూలైలో ఆ సంస్థ దీని నమ్మకము నాపివేసినది. అట్టివే పెక్కు ఇతరుల చేతివి నేటికిని బజారులలో దొరకుచున్నవి.

ఇంత చిన్నదానిలో నన్ని పాటలెట్లు పట్టునని మీరడుగవచ్చును. మా సముద్రతీరమున నిలిచినవాని కిది సులభముగా బోధపడును. పెద్ద కెరటము విరిగిపడు క్షణమున ప్రక్కవాని గుసగుస మనకు వినబడదు. పాటలో గూడ నట్లే. బిగ్గరయగు ధ్వని చాటున పడి, చెవికెట్లును సోకని సన్నని ధ్వనులను తీసివేసి, మిగిలినదానినే వ్రాసి యుంచుదురు. అందుచే పాట సుమారు పదవ వంతు చోటున నిముడును. లోపల తిరుగు చక్రమేదియు లేదు గనుక, పరుగెత్తినను పడవ యూగినను పాట తప్పదు.

ఇక గుణదోషములు. వీనిని నేను పుస్తకమున చదివి చెప్పుట లేదు. మా యింటనే చూచితిని.

మా అప్పగారికి డెబ్బదియెనిమిదేండ్లు. నీటికాసుల వ్యాధిచే చూపు పోయినది. చేతిఫోను అంతయు నున్నని గాజు. వ్రేలు పెట్టిన చోటెల్ల నేదో జరుగును, ఏమి జరిగినదో కన్నులేనివారికి తెలియదు. మనుమడొకడు ఇట్టి పేటికనొకదానిని కొనితెచ్చి యామె చేత నుంచెను. మీటలు ఉబ్బెత్తుగా నున్నందున ఐదు దినములలో ఆమె వ్రేళ్లకవి పట్టుబడినవి. ఘంటసాలవారి భగవద్గీత, సుబ్బులక్ష్మిగారి సుప్రభాతము, కొన్ని హరికథలు అందు నింపితిమి. "ఒరే తమ్ముడూ, ఎవరిని అడగక్కరలేకుండా నా పాట నేను పెట్టుకున్నానురా" అని యామె యన్ననాడు, నలువది సంవత్సరములు పాఠము చెప్పిన నాకు మాట రాలేదు. పండితులము మనము యంత్రములను నిందించుటయందు తొందరపడుదుము. ఆ తొందర నాకును గలదు.

కాని పది దినములలోనే మొదటి చిక్కు వచ్చినది. ఏదో మీట గట్టిగా నొక్కబడి, పాటలు వరుస తప్పి పలుకసాగెను. 'షఫుల్' అను మాటకు పేకముక్కలను కలియబెట్టుట యని యర్థము. సుప్రభాతము దీపాల వేళ వచ్చెను. అర్జునుని విషాదము తీరకమున్నే మోక్షసన్న్యాసయోగము ముగిసెను. హరికథ యారంభము కాకుండనే మంగళము పాడిరి. అప్పగారు భయపడి, తన మతియే తప్పినదేమో యనుకొన్నది!

ఈ కలియబెట్టుట మనవారికి క్రొత్త కాదు. భాస్కరాచార్యుడు లీలావతిలో అంకపాశమను ప్రకరణమున, హరి నాలుగు చేతులయందలి నాలుగాయుధములను మార్చి యుంచిన 24 మూర్తిభేదములు కలుగుననియు, శంభుని పది చేతులకు 36,28,800 భేదములగుననియు లెక్క చూపెను. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున సప్తస్వరములకు 5,040 ప్రస్తారములు చెప్పి, వానిని గుర్తించుటకు ఖండమేరువను ఉపాయమును గూడ నొసంగెను. అనగా పది పాటలే యున్నను, దినమునకొక వరుసగా వినినచో ముగియుటకు 9,900 సంవత్సరములకు పైబడును. అయితే ప్రస్తారమును లెక్కించుట వేరు, అన్నిటిని భోజనమున వడ్డించుట వేరు. కచ్చేరిలో వర్ణము ముందు, మంగళము చివర నుండుట గాయకుని చాదస్తము కాదు. చెవి క్రమముగా పక్వమగుటకు.

ఒక వింత చెప్పవలెను. యంత్రము నిజముగా గుడ్డిగా నెన్నుచుండగా, ఒకే గాయకుని పాటలు వెంటవెంట వచ్చుటచే, ఇది గుడ్డియెంపిక కాదని కొనినవారు తగవు పెట్టిరట. 2005లోనే ఆపిల్ వారు దానిని కొంత దిద్ది, గుడ్డితనము తగ్గించి, గుడ్డిగా తోచునట్లు చేసిరి.

అప్పగారి పక్షమున నొకటి యొప్పుకొందును. ఆ గందరగోళమున నెవ్వరును పిలువని పాట యొకటి, ఆమె పెండ్లినాటిది, తటాలున వచ్చినది. ఆమె చాలసేపు కన్నీరు పెట్టుకొని, మరల వినిపింపుమన్నది. పేరు చూపుటకు తెర లేదాయె. వెదకుటకు నాకొక పూట పట్టినది. పిదప మనుమడు పాటల పేళ్లకు ముందు 01, 02 అని సంఖ్యలు చేర్చి వరుస కట్టి యిచ్చెను. ఐపాడ్ షఫుల్‌లో నైతే వరుసకొక స్థానము, కలయికకొక స్థానము మీటయందే వేరుగా నుండెడివి, వ్రేలికి తెలిసెడిది. కొనునపుడు దీనిని చూచి కొనుడు.

రెండవ చిక్కు పెద్దది. ఒక సాయంకాలము ఆమె రెండు చెవులలోను తీగలు పెట్టుకొని, అలవాటైన సందున గుడికి బయలుదేరినది. వెనుకనుండి వచ్చిన ఆటోవాడు మ్రోత మ్రోగించెను, ఆమెకు వినబడలేదు. వాడు ప్రక్కకు త్రిప్పుకొనెను గాని, యామె తొట్రుపడి పడినది, మణికట్టు విరిగినది. చూపులేనివారికి చెవియే కన్ను. ఆ కంటికి గంతలు కట్టినది మేము. ఆ మాట నాకెవ్వరును చెప్పలేదు, చెప్పనక్కరలేదు. సింధియానుండి మా యూరికి కొండమీదుగా వచ్చు మలుపుల త్రోవలో పడుచువాండ్రు చెవులు మూసికొని సైకిళ్లపై దిగుచుండుట చూచినపుడెల్ల నా గుండె యిప్పటికిని జల్లుమనును.

చెవి చెడుట వేరొకటి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్క ప్రకారము 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్లులైనచో 4 గంటలే. ప్రతి మూడు డెసిబెల్లుల పెంపునకు కాలము సగమగును. సముద్రపు హోరులోను, బస్సులోను మనము తెలియకయే ధ్వని పెంచుదుము. ఎంత పెంచితిమో చూపుటకు తెర లేదు. గదిలో వినుటకు చాలిన మట్టమునే యుంచుకొని, అది వినబడని చోట వినకుండుట మేలు.

ఇంకొకటి. మా పేటిక రెండేండ్లకు మూగవోయినది. లోని విద్యుద్ఘటము ముసలిదైనది. పేటికను పగులగొట్టక మార్చుటకు వీలులేదని నగరములో చెప్పిరి. వాడి పారవైచునట్లు చేయుట నాకు నచ్చదు. అట్టిదానిని చెత్తకుప్పపై కాల్పకుడు, ప్రేలును.

క్రొత్తది కొన్నాము. ఇది చెవితీగ లేకుండ తానే పలుకును. సాయంకాలము అరుగుమీద పెట్టుదుము. వలలు బాగుచేసికొను ఇద్దరు ముగ్గురు దగ్గరకు జరిగి విందురు. నడుమ వాద ప్రతివాదములు కూడ నుండును. మంగళము ముగియగానే యంత్రము ఆగదు, మరల మొదటి పాట నెత్తుకొనును. అప్పుడు అప్పగారు చేయి చాచి, తడవి, ఆ మీటను నొక్కును.