డోరిస్ డే - పాట, ఆట, లెక్కల పుస్తకం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఒక అమెరికా సినిమా నటి గురించి మాట్లాడతానని చెప్పగానే కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డి.ఎ. బకాయిల మీద మాట్లాడేందుకు నలుగురు వక్తలున్నారు కదండీ, సాంస్కృతిక విభాగం కింద నాకో ఇరవై నిమిషాలు ఇవ్వండి అన్నాను. ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు. అయినా ఈవిడ కథలోనూ బకాయిలున్నాయి, వాయిదాలున్నాయి, పుట్టిన తేదీ తగాదా ఉంది. మన సంఘానికి బొత్తిగా పరాయి మనిషేమీ కాదు.

ఆవిడ పేరు డోరిస్ డే. "కే సెరా సెరా" అనే ఇంగ్లీషు పాట పాడిన ఆవిడ అంటే మీలో చాలామందికి గుర్తొస్తుంది. ఏది జరగాలో అది జరుగుతుంది, రేపటి సంగతి మనం చూడలేం అని తల్లి పిల్లకు చెప్పే పాట. 1965లో వచ్చిన "తోడు-నీడ" సినిమాలో మన భానుమతి గారు ఆ పాటను ఇంగ్లీషులోనే పాడారు. నేను మొదట విన్నది భానుమతి గారి గొంతులోనే. అసలు పాడినది ఒక అమెరికా ఆవిడ అని ఆ తర్వాత రేడియో పిచ్చి ఉన్న మా మేనమామ చెప్పాడు. 1957లో తమిళంలో వచ్చిన "ఆరవల్లి"లో కూడా ఆ బాణీ వాడుకున్నారు. మంచి బాణీకి పాస్‌పోర్టు అక్కర్లేదు మరి.

ఈవిడ అసలు పేరు డోరిస్ మేరీ ఆన్ కాపెల్‌హాఫ్. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి నగరం. తండ్రి సంగీతం మాస్టారు. తల్లిదండ్రులు విడిపోతే తల్లి దగ్గర పెరిగింది. ఈ పిల్లకు పాట మీద కన్నా డాన్సు మీద మోజు. ఒక కుర్రవాడితో జంటగా ఆడి బహుమతి కూడా గెలిచింది. ఇక హాలీవుడ్ వెళ్ళడమే తరువాయి అనుకుంటుండగా 1937 అక్టోబరులో ఆవిడ ఎక్కిన కారును రైలు గుద్దింది. కుడికాలు విరిగింది. డాన్సు కథ అక్కడితో సరి.

నెలల తరబడి మంచం మీద పడి ఉన్న పిల్లకు రేడియోయే కాలక్షేపం. ఎల్లా ఫిట్జెరాల్డ్ అనే నల్లజాతి గాయని పాటలు వింటూ, ఆ గొంతు ఎక్కడ ఎలా తిరుగుతోందో తనూ తిప్పి చూసుకునేది. తల్లి అది గమనించి సంగీతం నేర్పే ఒక ఆవిడ దగ్గర పెట్టించింది. 1939లో బార్నీ రాప్ అనే ఆయన తన బ్యాండులో పాడటానికి తీసుకున్నాడు. కాపెల్‌హాఫ్ అన్న పేరు బోర్డు మీద పట్టదని, అప్పట్లో ఆవిడ పాడుతుండే ఒక పాటలోంచి "డే" అన్న మాట తీసి తగిలించాడు. ఆ పేరు ఆవిడకు ఏనాడూ నచ్చలేదట. నచ్చని పేరుతోనే ఎనభై ఏళ్ళు బతికింది.

తర్వాత లెస్ బ్రౌన్ బ్యాండు. అక్కడ 1944 చివర రికార్డు చేసిన "సెంటిమెంటల్ జర్నీ" పాట 1945లో దేశమంతా మోగిపోయింది. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు తిరిగొస్తున్న రోజులవి. ఇంటికి పోతున్నాను అనే పాట. అంతకన్నా ఏం కావాలి?

ఈ లోపల సంసారం మాత్రం కుదరలేదు. 1941లో మొదటి పెళ్ళి. ఆ భర్త కొట్టేవాడు. కొడుకు టెర్రీ 1942లో పుట్టాడు. మరుసటి ఏడే విడాకులు. రెండో పెళ్ళీ మూడేళ్ళకే ముగిసింది. చంకలో పిల్లవాడు, వీపు మీద బ్యాండు ప్రయాణాలు. పిల్లవాణ్ణి తల్లి దగ్గర వదిలి ఊరూరా తిరిగి పాడింది. ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని పెంచిన మన అక్కచెల్లెళ్ళకు అదేమిటో నేను చెప్పనక్కర్లేదు.

1948లో మొదటి సినిమా. నిజానికి ఆ వేషం వేరే నటిది. ఆవిడ గర్భవతి కావడంతో ఈవిడకు దక్కింది. నటన తెలియని మనిషిని దర్శకుడు మైకేల్ కర్టిజ్ పట్టుకుని నిలబెట్టాడు. అక్కడి నుంచి 1968 వరకు, ఇరవై ఏళ్ళలో 39 సినిమాలు, ఆరువందలకు పైగా రికార్డులు. 1953లో "కలామిటీ జేన్" సినిమాలో పాడిన పాటకు ఆస్కారు వచ్చింది. 1959లో "పిల్లో టాక్"కు ఉత్తమ నటిగా నామినేషన్. 1960లోను, మళ్ళీ 1962, 63, 64 సంవత్సరాల్లోను అమెరికా థియేటర్ల వాళ్ళ లెక్కల్లో అందరికన్నా ఎక్కువ వసూళ్ళు తెచ్చే తార ఈవిడే. మగ హీరోలతో కలిపి చెబుతున్నాను.

"కే సెరా సెరా" సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1956లో హిచ్‌కాక్ తీసిన "ది మ్యాన్ హూ న్యూ టూ మచ్" సినిమాలోది. షూటింగు కోసం మొరాకో వెళ్ళారు. అక్కడ సినిమాకు తెచ్చిన మేకలు, గాడిదలు ఎముకల గూళ్ళలా ఉండటం చూసి, వీటికి సరిగా మేత పెట్టేదాకా నేను పని చెయ్యను అని కూర్చుంది. పెట్టారు. ఇక హిచ్‌కాక్ మహాశయుడు ఎంత బాగా చేసినా బాగుందనడు. నా పని నచ్చలేదేమో, తప్పుకుంటానని ఆవిడే వెళ్ళి అడిగితే, తప్పు చేస్తే చెప్పేవాణ్ణి కదా అన్నాడట. అలాంటి ఆఫీసర్లు మనకు తెలియనివాళ్ళా? మెమో రాకపోతే అదే మెచ్చుకోలు అనుకుని ముప్పై ఏళ్ళు పనిచేశాం.

ఆ పాట ఆవిడకు నచ్చలేదు. చిన్నపిల్లల పాట, దీన్ని ఎవరు కొంటారు అంది. కానీ సినిమాలో చూడండి. లండనులో ఒక రాయబార కార్యాలయంలో పెద్దల ముందు పియానో దగ్గర కూర్చుని ఆ పాటే గొంతెత్తి పాడుతుంది. అంత గట్టిగా ఎందుకు పాడుతోందో అతిథులకు అర్థం కాదు. దుండగులు ఎత్తుకుపోయిన తన కొడుకు పైఅంతస్తులో బందీగా ఉన్నాడు. వాడికి వినపడాలని. వాడు విని ఈల వేస్తాడు. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ ఆ ఈల దగ్గర గొంతు పట్టేస్తుంది. ఆ పాటకూ ఆస్కారు వచ్చింది. ఆవిడ చనిపోయేదాకా ఆవిడ పేరు పక్కనే ఉండిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ సంచిక ఇంటికి తీసుకెళ్ళాక ఈ భాగం భార్యాభర్తలు కలిసి చదవండి.

1951లో ఆవిడ మార్టిన్ మెల్చర్ అనే ఆయన్ని మూడో పెళ్ళి చేసుకుంది. టెర్రీని ఆయన దత్తత తీసుకున్నాడు. ఆవిడ వ్యవహారాలన్నీ ఆయనే చూసేవాడు. జెరోమ్ రోసెంతాల్ అనే లాయరు అంతకు ముందు నుంచే ఉన్నాడు. ఆవిడ పాడేది, నటించేది. సంపాదన ఎటు పోతోందో వాళ్ళిద్దరికే తెలుసు. చూపించిన చోట సంతకం, అంతే. హోటళ్ళు, చమురు బావులు, మరేవో పెట్టుబడులు.

1968 ఏప్రిల్ 20న మెల్చర్ చనిపోయాడు. కొడుకు టెర్రీ కాగితాలు ముందేసుకుని చూశాడు. ఇరవై ఏళ్ళ సంపాదన, సుమారు 2 కోట్ల డాలర్లని తర్వాత పత్రికలు రాశాయి, ఏమీ లేదు. పైగా అప్పులు. అంతేకాదు, భర్త ఆవిడకు మాటమాత్రం చెప్పకుండా ఒక టెలివిజన్ సీరియల్‌కు ఒప్పందం చేసి అడ్వాన్సు పుచ్చుకున్నాడు. ఆవిడకు టెలివిజన్ అంటే ఇష్టమే లేదు.

నేను సర్వీసులో చాలా కాలం ఫ్యామిలీ పెన్షన్ సీటు చూశాను. పదకొండో రోజు దాటగానే గుడ్డసంచీలో కాగితాలన్నీ కుక్కుకుని వచ్చే అమ్మలను చూశాను. ఏ బ్యాంకులో ఖాతా ఉందమ్మా అంటే, ఆయనకే తెలుసు బాబూ అనేవారు. నామినీ ఎవరమ్మా అంటే, ఆ మాటే వినలేదనేవారు. ఒకావిడ భర్త తీసుకున్న అప్పు సంగతి మా బల్ల దగ్గర నిలబడి మొదటిసారి విన్నది. ఏడవలేదు. కుర్చీ వెయ్యి నాయనా అంది. హాలీవుడ్‌లో ఆ రోజు డోరిస్ డేకు ఎవరు కుర్చీ వేశారో తెలియదు గాని, పరిస్థితి మాత్రం ఇదే.

ఆవిడ ఏం చేసిందంటే, ఇష్టం లేని ఆ సీరియల్ చేసింది. నేను సంతకం పెట్టలేదు, నాకు సంబంధం లేదు అని తగువాడవచ్చు. ఆడలేదు. 1968 నుంచి 1973 దాకా ఐదేళ్ళు చేసింది. అందులో ఆవిడ పాత్ర ఇద్దరు పిల్లలున్న వితంతువు. మొదలయ్యేటప్పుడు వచ్చే పాట ఏమిటనుకున్నారు? "కే సెరా సెరా"యే. అప్పులు తీర్చింది.

పాట అలా మోగుతుండగానే, ఏది జరగాలో అదే జరగనీ అని ఊరుకోకుండా 1969లో లాయరు మీద దావా వేసింది. 1974లో విచారణ దాదాపు నూరు రోజులు సాగింది. తను ఎవరికి లాయరో వాళ్ళతోనే వ్యాపారంలో భాగస్వామి, అటు పక్క ఫీజు, ఇటు పక్క ఫీజు. జడ్జి ఆవిడకు 2 కోట్ల 28 లక్షల డాలర్లకు డిక్రీ ఇచ్చాడు. డిక్రీ వేరు, డబ్బు చేతికి రావడం వేరు అని మనకు తెలుసు. అప్పీళ్ళ మీద అప్పీళ్ళు. చివరికి ఆ లాయరు తరఫు బీమా కంపెనీలు సుమారు 60 లక్షలకు రాజీపడ్డాయి. అదీ ఒకేసారి కాదు, 23 వార్షిక వాయిదాల్లో! మన పి.ఆర్.సి. బకాయిల వాయిదాలు తలుచుకుని కాస్త ఊరట చెందవచ్చు. ఆ లాయరు మాత్రం కోర్టులు వదలలేదు. 1987లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అతని లాయరు పట్టా రద్దు చేసింది.

భర్త సంగతేమిటి అంటారా? ఆయన కూడా ఆ లాయరును నమ్మి మోసపోయాడనే ఆవిడ అనుకుంది. నాకు అంత జాలి లేదు. నమ్మినవాడు భార్యతో ఒక్కమాట చెప్పవచ్చు కదా.

నాలుగో పెళ్ళి కూడా ఒకటి జరిగి కొన్నేళ్ళకే ముగిసింది, దాని గురించి వదిలేస్తాను. కాలిఫోర్నియాలో కార్మెల్ అనే ఊరి దగ్గర స్థిరపడి దిక్కులేని కుక్కలను, పిల్లులను చేరదీసింది. 1978లో వాటి కోసం ఒక సంస్థ పెట్టింది. మొరాకోలో మేకల కోసం పని ఆపిన మనిషి కదా. 2004లో అధ్యక్షుడు బుష్ పౌర పురస్కారం ప్రకటిస్తే, విమానం ఎక్కాలంటే భయమని వెళ్ళలేదు. అదే ఏడాది నవంబరులో కొడుకు టెర్రీ క్యాన్సరుతో పోయాడు. తండ్రి లెక్కలు తవ్వి తల్లికి నిజం చెప్పిన కొడుకు. తల్లి చేత పాత రోజుల్లో పాడించి అతను దాచిన పాటలే చాలావరకు 2011లో "మై హార్ట్" అన్న ఆల్బంగా వచ్చాయి. ఇంగ్లండులో మొదటి పది స్థానాల్లోకి ఎక్కింది. ఆవిడకు 87 ఏళ్ళని పత్రికలు రాశాయి.

అదీ తప్పే! ఇక్కడే పుట్టిన తేదీ తగాదా. ఆవిడ 1924లో పుట్టినట్టు అన్నిచోట్లా ఉండేది. ఆవిడా అలాగే అనుకుంది. 2017లో విలేఖరులు ఒహాయోలో జనన ధృవీకరణ పత్రం వెతికి తీస్తే 1922 ఏప్రిల్ 3 అని ఉంది. ఒక్క రోజులో 93 నుంచి 95కు వచ్చిపడింది. మొత్తానికి నా వయసెంతో తెలిసింది, సంతోషం అందట. మన హాల్లో జూలై ఒకటిన పుట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. చూశారా! హెడ్మాస్టరు గారు బడిలో వేసిన తేదీ సర్వీసు రిజిస్టరులోకి ఎక్కిందంటే ఇక బ్రహ్మ దిగివచ్చినా మారదు. ఆవిడకు సర్వీసు రిజిస్టరు లేదు కాబట్టి బతికిపోయింది.

2019 మే 13న, 97వ ఏట కన్నుమూసింది. అంత్యక్రియల సభ వద్దు, సంస్మరణ సభ వద్దు, సమాధి మీద గుర్తు కూడా వద్దని ముందే రాసి పెట్టింది. అలాగే చేశారు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. నా తర్వాత బకాయిల మీద మాట్లాడేవారు ఫైలుతో సిద్ధంగా ఉన్నారు. ఒక్క మూడు నిమిషాలు. మా మనవడు ఆ పాట తన ఫోనులో పెట్టి తెచ్చాడు. ఫోను మైకు దగ్గర పెడుతున్నాను, వెనక వరసల వాళ్ళు కాస్త నిశ్శబ్దంగా వినండి.