యుద్ధవిమానముల నమూనా నిర్మాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ఏ కావ్యమును గూర్చియో, పల్లెలలో విద్యావ్యాప్తిని గూర్చియో ప్రసంగింతునని వారు అనుకొనియుందురు. యుద్ధవిమానముల నమూనాలను గూర్చి మాటలాడెదనని చెప్పగానే వారి ముఖమున చిన్న నవ్వు కనబడెను. తల నెరిసినవాడు ప్లాస్టిక్కు ముక్కలు అతికించుచు కూర్చుండుటలో ప్రయోజనమేమని మీలోను కొందరికి తోచవచ్చును. ఈ పని నాకు ముఖ్యముగా ఒక పాఠము నేర్పినది. కంటితో చూచినవాని మాటను, కాగితముమీది బొమ్మను చూపి కొట్టివేయరాదు. ఆ పాఠమును నేను ఎంత ఆలస్యముగా నేర్చుకొంటినో చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిని.

మన చింతలపూడి మెట్టప్రాంతము. ఇచ్చటినుండి ఆగ్నేయముగా పల్లమునకు దిగినచో తాడేపల్లిగూడెము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ పట్టణమువద్ద విమానములు దిగుటకు పొడవైన దారి నిర్మింపబడినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను వారి ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. యుద్ధమనగా సముద్రములకు ఆవల ఎక్కడో జరుగునదని తలంచిన మన కోస్తా ప్రజలు ఆ దినము మొదలు ఆకాశమువైపు భయముతో చూచిరి. మా పెదనాన్నగారు అప్పటికి పదేండ్ల బాలుడు. గూడెము సమీపమున ఒక పల్లెలో ఉండెడివారు. విమానము మ్రోత వినబడగానే పశువులను వదలి చెరువుగట్టు ఎక్కి చూచెడివారమని ఆయన మాకు ఎన్నియో సారులు చెప్పిరి. నాకు విమానములపై ఆసక్తి కలిగినది ఆ మాటలవలననే.

నమూనా నిర్మాణములో మొదట తెలిసికొనవలసినది కొలత. లోకమున ఎక్కువ వాడుకలోనున్నది 72వ వంతు కొలత. అనగా అసలు విమానమున ఆరు అడుగులు నమూనాలో ఒక అంగుళమగును. ఆరడుగుల మనిషి అంగుళము ఎత్తున నిలుచును. హరికేన్ అను యుద్ధవిమానము ఒక రెక్క కొననుండి రెండవ రెక్క కొనకు 40 అడుగులు. నమూనాలో అది ఏడంగుళములకు కొంచెము తక్కువ. సరకులు మోసిన డకోటా విమానము 95 అడుగులు. అది పదునారంగుళములకు కొంచెము తక్కువగా వచ్చును. 48వ వంతు కొలతలో అంగుళమునకు నాలుగు అడుగులు. అందు హరికేన్ సరిగా పది అంగుళములుండును. ఇంగ్లండులో 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ అను పేర 72వ వంతు ప్లాస్టిక్కు నమూనాలు వెలువడినవి. యుద్ధానంతరము ఎయిర్‌ఫిక్స్, జపానులో టామియా, హసెగావా మొదలగు సంస్థలు వీనిని దేశదేశములకు పంపినవి.

ఈ కొలతకు యుద్ధముతో మరియొక సంబంధము కలదు. కొల్లేటి పడవవానిని చూడుడు. ఆకాశమున చుక్కవలె కనబడు పక్షిని చూచి, రెక్కవాటమును బట్టియే ఇది గూడబాతు, ఇది కొంగ అని చెప్పును. యుద్ధమున ఫిరంగివద్ద నిలిచినవానికి అట్టి కన్ను కావలెను. దూరమున వచ్చుచున్న విమానము తనవారిదో, శత్రువుదో క్షణములో తేల్చుకొనవలెను. అందుచేత 1942 ఆరంభమున అమెరికా నౌకాదళమువారు తమ దేశపు పాఠశాలల విద్యార్థులను 5 లక్షల నమూనాలు చెక్కతో చేసి ఇండని కోరిరి. అవి 72వ వంతు కొలతకు చేసి నల్లరంగు పూసినవి. అట్టి నమూనాను 35 అడుగుల దూరమున వ్రేలాడదీసినచో, దాదాపు అర మైలు దూరముననున్న అసలు విమానమంతగా కంటికి కనబడును. బాలురు చేతులతో చేసిన వస్తువు సైనికునికి చూపు నేర్పినది.

ఇక నిర్మాణవిధానము. పెట్టెలో భాగములన్నియు ప్లాస్టిక్కు చట్రమునకు అంటుకొని వచ్చును. వానిని చేతితో విరువరాదు. చిన్న కటింగు ప్లయరుతో కొంచెము దూరముగా కత్తిరించి, మిగిలిన మొనను తరువాత చెక్కవలెను. అచ్చునుండి వచ్చిన జిడ్డు ఉండును గనుక భాగములను సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. ఎండలో పెట్టరాదు. మన వేసవి ఎండకు సన్నని భాగములు వంకరపోవును. అతికించుటకు ముందు రెండు భాగములను ఉత్తగా చేర్చి చూచుకొనవలెను. ఈ పనికి వాడు జిగురు ప్లాస్టిక్కును కరగించి ఒకటిగా చేయును. కావున ఒకసారి పట్టిన తరువాత దిద్దుకొనుట కష్టము. జిగురు ఆవిరి మంచిది కాదు. కిటికీలు తెరచియుంచి, దీపమునకు దూరముగా పనిచేయవలెను.

రెండు సగములు కలిసినచోట గీత మిగులును. ఆ గీత కనబడినంతవరకు అది రెండు ముక్కల ప్లాస్టిక్కుగానే యుండును. దీనికి తగిన ఉపాయము మన కొండపల్లి కళాకారులకు ఎప్పటినుండియో తెలియును. వారు తేలికయైన పొనికి చెక్కతో కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కుదురు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వానిని అతికి సందులు పూడ్తురు. అది ఆరిన పిదప నునుపు చేసి, తెల్లని సున్నపు పూత వేసి, ఆ పైన రంగులు దిద్దుదురు. విమానపు నమూనాకును వరుస ఇదియే. సందులో పుట్టీ నింపి, ఆరిన తరువాత నీరు తగిలించి సన్నని గరుకుకాగితముతో రుద్ది, తొలిపూత వేయవలెను. తొలిపూత వేసినప్పుడే దాగిన లోపములన్నియు బయటపడును. అప్పుడు విసుగుకొనక మరల పూడ్చి మరల రుద్దవలెను.

అయితే అన్నిటిని నునుపు చేయుటయు తప్పే. హరికేన్ వెనుకభాగము రేకు కాదు. కొయ్యబద్దల మీద గుడ్డ బిగించి కట్టినది. ఆ బద్దల మిట్టపల్లములు నమూనామీద కనబడవలెను. చేయువానికి విమానము ఎట్లు కట్టబడినదో తెలియనిచో, నిజముగా ఉండవలసిన గీతలనే లోపములనుకొని అరగదీయును.

రంగు ఒక్కసారిగా దట్టముగా పూయరాదు. పలుచగా పూసి, ఆరనిచ్చి, మరల పూయవలెను. శ్రావణ భాద్రపదములలో ముసురు పట్టిన దినమున మెరుపు వార్నీషు జోలికి పోకుడు. గాలిలోని తేమకు అది పాలవలె తెల్లబడును. కొల్లేటి గాలి తగులు ఊళ్ళలోని మిత్రులు ఈ మాట బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను. రంగు ఆరిన పిదప మెరుపు పూత, దానిమీద నీటిలో తడిపి అంటించు గుర్తులు. మెరుపు పూత లేక గరుకు రంగుమీదనే అంటించినచో, పలుచని పొర క్రింద గాలి చిక్కుకొని వెండిమచ్చలుగా మెరయును. గుర్తులు పట్టిన తరువాత మెరుపును అణచు పూత వేసి, పొగగొట్టముల వెనుక మసి, మెకానిక్కులు ఎక్కిదిగు రెక్కమొదట అరిగిన రంగు చూపవలెను. ఇందు మితము ముఖ్యము. చేయి నిలుపుట తెలియనివాడు విమానమును పొయ్యిలోనుండి తీసినట్లు చేయును.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. 2006లో నేను ఒక హరికేన్ నమూనా చేసితిని. పెట్టెమీది బొమ్మ 1940లో ఇంగ్లండున పోరాడిన విమానమునకు సంబంధించినది. నాకు మనవారి విమానము కావలెనని కోరిక కలిగినది. 1944లో ఇంఫాల్‌వద్ద అర్జన్ సింగ్ నాయకత్వమున భారత వైమానికదళపు ఒకటవ స్క్వాడ్రను హరికేన్లతో పోరాడినది. ఆ స్క్వాడ్రను విమానముగా దానిని మార్చితిని. గుర్తులు మాత్రము పెట్టెలోని కాగితమునుండియే తీసి అంటించితిని. నీలము, తెలుపు, నడుమ ఎరుపు వలయములు. పని ముగిసినదని సంతోషించి పెదనాన్నగారికి చూపితిని.

ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చాలసేపు చూచి, "ఏరా అబ్బాయీ, దీనికి ఎర్రచుక్క ఎక్కడిదిరా? మా గూడెం మీద ఎగిరినవాటికి ఎరుపు లేదే" అనిరి.

"చిన్నప్పటి సంగతి మీకు జ్ఞాపకముండదు లెండి, పెదనాన్నగారూ. ఇదిగో, బొమ్మలో ఉన్నది చూడండి" అని నేను పెట్టె మూత చూపితిని.

ఆయన మరి మాటలాడలేదు. నమూనాను జాగ్రత్తగా నా చేతికిచ్చి పడకకుర్చీలో వెనుకకు వాలిరి. మరుసటి ఏడు స్వర్గస్థులైరి.

ఆ తరువాత కొంతకాలమునకు ఒక పుస్తకమున నేను సంగతి చదివితిని. జపాను విమానముల గుర్తు ఎర్రని సూర్యబింబము. తొందరలో గురిపెట్టువాని కంటికి ఎరుపు కనబడినంతనే శత్రువని తోచును. తనవారిని తానే కూల్చు ప్రమాదము ఉండెను. అందుచేత భారత, బర్మా రంగములోని విమానములనుండి నడిమి ఎరుపును తీసివేసిరి. 1943 నాటికి ముదురు నీలము, దాని నడుమ లేత నీలము మాత్రమే మిగిలెను. అమెరికావారు గూడ 1942 మే నెలలో తమ నక్షత్రము నడుమనున్న ఎర్రచుక్కను తొలగించిరి. చెరువుగట్టు మీద నిలిచి చూచిన పశులకాపరి బాలుని కన్ను సరియైనది. పెట్టె మూత గూడ అబద్ధము కాదు. అది వేరొక దేశపు ఆకాశమునకు, వేరొక సంవత్సరమునకు చెందిన సత్యము. రెండింటిని కలిపి చెరిచినవాడను నేను.

ఆ రాత్రి నమూనాను దింపి, తడి గరుకుకాగితముతో ఎర్రచుక్కలను రుద్దితిని. క్రింది రంగును కొంత లేచిపోయెను. నీలపు గుర్తులు చేతితో దిద్దితిని. సరిదిద్దితినని చెప్పుకొనుటకు ఆయన లేరు.

సభాసదులారా! యుద్ధపు ఆయుధమును ఇంత శ్రద్ధతో చేయుట యుద్ధమును మెచ్చుకొనుట కాదా అని ఒక మిత్రుడు నన్నడిగెను. అడుగవలసిన ప్రశ్నయే. అప్పుడు మన జిల్లా మదరాసు రాజధానిలో ఉండెడిది. రాజధానినుండి వచ్చిన విరాళములకు గుర్తుగా బ్రిటిషు వైమానికదళమున 79, 234, 264 సంఖ్యల స్క్వాడ్రన్లకు మదరాసు ప్రెసిడెన్సీ అను పేరు చేర్చిరి. 152వ స్క్వాడ్రను హైదరాబాదు పేరు వహించి, 1940లో స్పిట్‌ఫైర్ విమానములతో ఇంగ్లండు ఆకాశమున పోరాడినది. దాని చిహ్నమున నిజాము తలపాగా కలదు. ఇది విని మనకు గర్వము కలుగవచ్చును. కాని 1939 సెప్టెంబరు 3వ తేదీన మన నాయకులను సంప్రదింపకయే వైస్రాయి ఈ దేశమును యుద్ధమున దింపెను. దానికి నిరసనగా ఆ అక్టోబరులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మదరాసులో రాజీనామా చేసినది. నమూనా ప్రక్కన ఈ రెండు సంగతులును వ్రాసిపెట్టినచో చూచువాడు ఆలోచించును. ఒకటి దాచినచో అది వట్టి అలంకారమగును.

అందుచేత నా ప్రార్థన ఇది. ఈ గ్రంథాలయమున ఒక బీరువా అర నమూనాలకు కేటాయించుడు. బాలబాలికలు ఏడాదికి ఒక్కటి చేసినను చాలును. ప్రతి నమూనాకు ఒక చీటీ ఉండవలెను. ఏ విమానము, ఏ సంవత్సరము, ఏ కొలత, ఏ పుస్తకమును బట్టి రంగులు వేసితిమి, ఎవరు చూచి చెప్పిరి అను వివరములు అందు వ్రాయవలెను. 1942లో పదేండ్లున్నవారికి నేడు తొంబది దాటినవి. మీ యింట అట్టి పెద్దలున్నచో, ఈ దినమే వారివద్ద కూర్చుండి అడుగుడు. ఏమి చూచితిరి, ఏ దిక్కునుండి వచ్చినవి, ఏ రంగు అని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. పుస్తకముతో సరిపడనిచో కొట్టివేయక, ఆ మాటను గూడ చీటీలో ఉంచుడు. మరియొక పుస్తకము రావచ్చును.

నేను చేసిన హరికేన్‌ను నేడు గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. రెక్కమీది నీలపు గుర్తు నడుమ చిన్న మచ్చ కనబడును. దానిని కప్పిపుచ్చలేదు. చీటీలో చివరి పంక్తిగా ఇట్లు వ్రాసితిని: "ఎరుపు లేదని మా పెదనాన్నగారు చెప్పిరి. వారు చెప్పినదే నిజము."