కార్డు మీద ఏమిస్తారు, ఏమివ్వరు?



గండికోట చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, ప్రొద్దుటూరు, పులివెందుల నుంచీ వచ్చిన మీకు రేషన్ కార్డు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ ఉండదు. సంచి పట్టుకుని వరుసలో నిలబడేది మీరే. అయితే ఆ సంచిలోకి ఏది రావాలో, ఏది రాకూడదో ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్నను మనం గట్టిగా అడగలేదని నా అభిప్రాయం.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు. ఆ పథకం ఎన్నో ఇళ్ళలో పస్తులు తప్పించింది. దాన్ని తేలిక చేసి మాట్లాడే పట్నం మేధావులతో నాకు పేచీయే. కానీ కొర్ర, జొన్న, రాగి తిన్న సీమ వంటింట్లో బియ్యాన్నే అసలు తిండిగా నిలబెట్టింది కూడా అదే. మెట్టచేలలో జొన్న తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా చౌకగా దొరికేది బియ్యమొక్కటే అయినప్పుడు పొయ్యి మీదికెక్కేదీ అదే.

2013 ఆహార భద్రతా చట్టం ఆహార ధాన్యాలంటే బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలు మూడూ అంటుంది. బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2, ముతక ధాన్యాలు 1 అని ధరలు కూడా రాసింది. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం. (ఒంటికి సత్తువనిచ్చే రాగికి ‘ముతక’ అని పేరు పెట్టిన మహానుభావులెవరో!) కాబట్టి రాగులు, జొన్నలు ఇవ్వమనడం దయ కోరడం కాదు. 2023లో సీమలో బియ్యానికి బదులు కొంత రాగులివ్వడం మొదలైంది. అడగకపోతే ఇలాంటివి ఎంతకాలం నిలుస్తాయో మనకు తెలిసిందే.

ఎందుకంటే 2013 ఉగాదికి వచ్చిన ‘అమ్మ హస్తం’ గుర్తుందిగా? 185 రూపాయలకు కందిపప్పు, పామాయిల్, గోధుమపిండి, గోధుమలు, చక్కెర, చింతపండు, కారం, పసుపు, ఉప్పు: తొమ్మిది సరుకులు. ప్రభుత్వం మారాక అది పోయింది. ఇప్పుడు పప్పు వచ్చిన నెల వస్తుంది, రాని నెల రాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దీనికి ప్రభుత్వం చూపిన దారి బియ్యంలో ఇనుము కలపడం. పప్పు, కూర సంగతి ఇంటి ఇల్లాలు చూసుకోవాలి!

ఇక సబ్బు, ముట్టుగుడ్డలు ఏ కార్డు మీదా రావు. అమెరికాలో పేదలకిచ్చే ఆహార సహాయంతోనూ సబ్బు, మందులు, వేడిగా వండిన తిండి కొనకూడదు. 2025లో అక్కడ కొన్ని రాష్ట్రాలు శీతల పానీయాలను కూడా నిషేధించడానికి అనుమతి తెచ్చుకున్నాయి. అక్కడ డబ్బు ఇచ్చి జాబితా చూపుతారు, ఇక్కడ సరుకే ఇస్తారు. పేదవాళ్ళకు ఏం తినాలో తెలియదన్న నమ్మకం రెండుచోట్లా ఒకటే.

అందుకే ఇంటి ముందుకొచ్చిన వ్యాపారికి నాలుగు కిలోల బియ్యం అమ్మి, ఆ డబ్బుతో పప్పో, బిడ్డకు మందో కొన్న స్త్రీని నేను తప్పుపట్టను. పత్రికలు దాన్ని ‘పక్కదారి పట్టిన బియ్యం’ అంటాయి. లారీల కొద్దీ రేవులకు తరలించేవాళ్ళనూ ఈమెనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. తనకు అక్కర్లేని సరుకును అక్కరున్న సరుకుగా మార్చుకుంటోంది ఆమె. అదీ బాగా నష్టపోయి.

మరో సంగతి. చట్టం 13వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామే కార్డుకు ఇంటి యజమాని. వినడానికి బాగుంది. కానీ మొగుడు వదిలేసిన స్త్రీ పుట్టింటికి వస్తే, ఆమె పేరు అత్తగారింటి కార్డులోనే ఉండిపోతుంది. అక్కడ తీసేస్తే తప్ప ఇక్కడ చేర్చరు. ఆమె వాటా ధాన్యం అత్తగారింటికే పోతూంటుంది.

చౌక దుకాణాల మీద సామాజిక తనిఖీ జరగాలని 28వ సెక్షన్, నిఘా సంఘాల్లో స్త్రీలకు చోటుండాలని 29వ సెక్షన్ చెబుతున్నాయి. మీ ఊరి నిఘా సంఘంలో ఎవరున్నారో కనుక్కోండి. రాగులు, కందిపప్పు ఎన్ని నెలలు వచ్చాయో, ఎన్ని నెలలు రాలేదో ఒక పుస్తకంలో తేదీలు వేసి రాసి పెట్టండి. ఒంటరి స్త్రీల పేర్లు ఎక్కడెక్కడ ఇరుక్కున్నాయో వేరే పేజీలో రాయండి. తహసీల్దారు దగ్గరికి ఆ పుస్తకంతోనే వెళదాం.