దాచితే దొంగకే లాభం



ఇంట్లో దొంగ పడితే ఏం చేస్తాం? గట్టిగా అరుస్తాం. ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తారు. మరి ఫోనులో దొంగ పడితే? చాలామంది అరవరు. ఎవరికీ చెప్పరు. నలుగురూ నవ్వుతారని లోలోపల కుమిలిపోతారు. ఈ రోజు ఆ దొంగతనం గురించి చెప్పుకుందాం. అది ఎలా జరుగుతుంది? జరిగితే ఏం చెయ్యాలి?

ప్రకటన ఖాతా అంటే ఏమిటి?

పూర్వం ఊళ్లో ఏదైనా చెప్పాలంటే దండోరా వేయించేవారు. గోడల మీద రాయించేవారు. ఇప్పుడు చాలామంది ఫోనులోనే ప్రకటన ఇస్తున్నారు.

గోదావరి సీమలో ఆత్రేయపురం పూతరేకులకు పెట్టింది పేరు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ మీద రేకులు తీసి బతికే ఆడవాళ్లు ఆ చుట్టుపక్కల ఎంతోమంది. అలాంటి చోట పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఒకటి ఉందనుకోండి. వాళ్లు ఫేస్‌బుక్‌లో సంఘం పేరుతో పేజీ పెట్టారు. సంక్రాంతి దగ్గర పడింది. రోజుకు 200 రూపాయల ప్రకటన మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి ఆర్డర్లు వస్తున్నాయి.

ప్రకటన కోసం సంఘం బ్యాంకు కార్డు వివరాలు ఒకసారి ఇచ్చారు. ఖర్చు అయిన కొద్దీ కంపెనీ ఆ కార్డు మీద సొమ్ము తీసుకుంటుంది. దీన్నే ప్రకటన ఖాతా అంటారు. ఇది గల్లాపెట్టె లాంటిది. దీని తాళంచెవి పాస్‌వర్డు.

దొంగ ఎలా దూరతాడు?

ఈ దొంగ తలుపు పగలగొట్టడు. తాళంచెవి మన చేతే ఇప్పించుకుంటాడు.

ఒక రోజు సంఘం అధ్యక్షురాలి ఫోనుకు మెసేజి వచ్చింది. "మీ పేజీ మీద ఫిర్యాదు వచ్చింది. 24 గంటల్లో మూసేస్తాం. మూయకుండా ఉండాలంటే ఇక్కడ నొక్కండి" అని ఉంది. పైన కంపెనీ గుర్తు కూడా ఉంది. పండుగ ముందు పేజీ పోతే ఎలా? ఆవిడ కంగారు పడింది. నొక్కింది. అడిగిన చోట పాస్‌వర్డు కొట్టింది. ఫోనుకు ఓటీపీ వచ్చింది. అదీ కొట్టింది.

ఆ మెసేజి కంపెనీ పంపింది కాదు. దొంగ పంపింది. భయపెట్టడం, తొందరపెట్టడం వాడి రెండు ఆయుధాలు. లోపలికి దూరగానే వాడు మూడు పనులు చేశాడు. తన పేరు పెత్తనంలో చేర్చుకున్నాడు. సంఘం వాళ్ల పేర్లు తీసేశాడు. 200 రూపాయల ప్రకటనను వేలకు పెంచాడు.

వాడు వేసింది పూతరేకుల ప్రకటన కాదు. "పదివేలు కట్టండి, నెలకు లక్ష ఇస్తాం" అనే మోసపు ప్రకటన. ఖర్చు సంఘానిది. పేరూ సంఘానిదే. అంటే మన సొమ్ముతో, మన పేరుతో, ఇంకొకరి ఇంటికి కన్నం వేస్తున్నాడన్నమాట.

మెసేజి చదవకపోతే ఏమైంది?

కార్డు మీద ఇలా తనంతట తానే సొమ్ము తీసుకునే ఏర్పాటు ఉంటే, కనీసం 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయాలి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఈ నియమం అమలు చేయించింది. అధ్యక్షురాలి ఫోనుకు ఆ మెసేజి వచ్చింది. "రేపు 9,000 రూపాయలు తీసుకుంటారు" అని దాని అర్థం. అది ఇంగ్లీషులో ఉంది. ఆవిడ చదివించుకోలేదు. మర్నాడు 9,000 పోయాయి.

అప్పుడు ఆవిడకు గుండె జారిపోయింది. కానీ ఎవరికీ చెప్పలేదు. రెండో 9,000 పోయాయి. మూడో 9,000 పోయాయి. చివరకు కోశాధికారి పాసుబుక్కు రాయించుకుని వచ్చి అడిగింది.

"వదినా, 27,000 ఏమయ్యాయి? నెయ్యికీ బెల్లానికీ దాచిన డబ్బులు కదా!"

"నా చేతులారా పోగొట్టాను. మీకు ముఖం ఎలా చూపించను?"

"మొదటి రోజే చెప్పి ఉంటే 18,000 అయినా మిగిలేవి కదా వదినా!"

కోశాధికారి మాట అక్షరాలా నిజం. ఎలాగో చూడండి.

నియమం ఏం చెబుతుంది?

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

పాస్‌వర్డు, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము మన నష్టం. చెప్పిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి.

మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా ఎవరో కాజేస్తే, బ్యాంకు సమాచారం అందిన 3 పని దినాలలోపు చెప్పాలి. అప్పుడు మనకు నష్టం ఉండదు. 4 నుంచి 7 పని దినాలలో చెబితే కొంత నష్టం మన మీద పడుతుంది. మామూలు పొదుపు ఖాతాకు అది 10,000 రూపాయలకు మించదు. ఇంకా ఆలస్యమైతే ఆ బ్యాంకు పెట్టుకున్న పద్ధతి ప్రకారం జరుగుతుంది.

తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. ఫిర్యాదును 90 రోజుల్లో తేల్చాలి.

నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. మీ బ్యాంకులో అడిగి తెలుసుకోండి. అడగడం తప్పు కాదు, అది మీ హక్కు.

వెంటనే ఏం చెయ్యాలి?

ఒకటి. బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాలి. నంబరు కార్డు వెనక ఉంటుంది. ఇంటర్నెట్టులో వెతకవద్దు. అక్కడ దొంగ నంబర్లు కూడా ఉంటాయి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి.

రెండు. 1930కి ఫోను చెయ్యాలి. ఇది సైబరు నేరాల ఫిర్యాదు నంబరు. దేశమంతటా ఇదే. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపడానికి అంత వీలు.

మూడు. ఫేస్‌బుక్‌కు తెలియజేయాలి. ఖాతా దొంగల పాలైతే చెప్పుకోవడానికి దాంట్లోనే ఏర్పాటు ఉంది. ఖాతా చేతికి రాగానే ప్రకటనలు ఆపాలి. పాస్‌వర్డు మార్చాలి. తెలియని పేర్లు తీసేయాలి.

నాలుగు. బ్యాంకుకు కాగితం మీద ఫిర్యాదు రాసివ్వాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత సొమ్ము పోయిందో రాయాలి. ఎప్పుడు ఫోను చేశారో, ఫిర్యాదు నంబరు ఎంతో రాయాలి. నకలు మీద ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు.

వేలిముద్ర వేసిన రోజుల్లో ఈ కాగితం ఇంకొకరి చేత రాయించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మీరే రాయగలరు. వంకర టింకరగా ఉన్నా ఫరవాలేదు. తేదీ, సొమ్ము సరిగ్గా ఉంటే చాలు.

ముందే ఏం జాగ్రత్త పడాలి?

ప్రకటనల కోసం వేరే ఖాతా తెరవండి. అందులో ఆ నెలకు కావలసినంతే ఉంచండి. పొదుపు సొమ్మంతా ఉన్న కార్డు ఇవ్వకండి. ప్రకటన ఖాతాలో ఖర్చుకు హద్దు పెట్టుకునే వీలుంది, పెట్టుకోండి. పాస్‌వర్డుతో పాటు రెండో తాళం కూడా పెట్టండి. పెత్తనం ఒక్కరి ఫోనులోనే కాకుండా నమ్మకమైన ఇద్దరి ఫోనుల్లో ఉంచండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మెసేజిలో వచ్చిన లింకు నొక్కి అక్కడ కొట్టకండి. బ్యాంకు మెసేజి ఇంగ్లీషులో ఉంటే బడికి వెళ్లే పిల్లల చేత చదివించుకోండి.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడకండి. చదువుకున్న ఉద్యోగులూ మోసపోతున్నారు. సిగ్గుపడాల్సింది దొంగ. తోటివాళ్లు మోసపోతే నవ్వకండి, తిట్టకండి. తిడతారని భయపడ్డ మనిషి ఆ రోజు చెప్పదు. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకు కలిసొస్తుంది.

చర్చించండి, రాయండి

1. మీ సంఘంలో ఎవరైనా ఇలా మోసపోతే వెంటనే చెప్పే ధైర్యం వాళ్లకు ఉందా? లేకపోతే ఎందుకు లేదు?

2. మీ కార్డు వెనక ఉన్న ఫోను నంబరు నోటుబుక్కులో రాసుకోండి.

3. 1930 అనే అంకెలు పెద్దగా రాసి సంఘం సమావేశం జరిగే చోట గోడకు అంటించండి.