స్నేహితుడి కొడుకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో ఇంజనీరుకి మైకు ఇస్తే కట్టిన వంతెనల గురించి చెబుతాడు. కార్యదర్శిగారు నన్ను మాత్రం మా బాబు గురించి, వాణ్ణి పెంచుతూ మేము దేవుణ్ణి ఎలా నమ్ముతున్నామన్న దాని గురించి చెప్పమన్నారు. ఇక్కడ అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. నేను వాక్యం చెప్పడానికి రాలేదు. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా నలుగుతున్న రెండు ప్రశ్నలు మీ ముందు పెట్టి, చివర ఒక కోరిక కోరి కూర్చుంటాను.

మా బాబుకి 23 ఏళ్ళు. ఏడో నెలలోనే పుట్టాడు. ఏడాది దాటినా కూర్చోలేకపోతే పరీక్షలు చేసి సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఎదుగుతున్న మెదడుకి పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో దెబ్బ తగిలితే వచ్చే స్థితి ఇది. మెదడులో ఆ దెబ్బ పెరగదు, మానదు. కండరాలు మాత్రం బిగుసుకుపోతుంటాయి కాబట్టి జీవితాంతం వ్యాయామం చేయించాలి. వాడు నడవలేడు. మాటలు పది, పదిహేను వస్తాయి. పాట వింటే తల ఊపుతాడు. కరెంటు పోతే ఇంట్లో అందరం విసుక్కుంటాం, వాడు ఒక్కడే పకపకా నవ్వుతాడు.

మొదటి ప్రశ్న ‘ఎందుకు?’ అన్నది. ఇది మేము అడిగినదానికంటే మమ్మల్ని అడిగినవాళ్ళు ఎక్కువ. వీధిలో కొందరు పూర్వజన్మ పాపం అన్నారు. మా సంఘంలో కొందరు తల్లిదండ్రులు ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందన్నారు. మతాలు వేరైనా లెక్క ఒకటే. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇదే అడుగుతారు, తప్పు వీడిదా, కన్నవాళ్ళదా అని. యేసు ఇద్దరిదీ కాదన్నాడు. అంతటితో ఆ విచారణ ఆపి, మట్టి తడిపి ఆ మనిషి కళ్ళకి రాసి, సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు. ఆ అధ్యాయం మా ఇంటికి పెద్ద మేలు చేసింది. అప్పటినుంచి మా ఆవిడ ఆ ప్రశ్న వేసినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపిస్తుంది గాని జవాబు చెప్పదు.

స్వస్థత కోసం ప్రార్థన చేయలేదా అని అడుగుతారు. చేశాం. ఉపవాసాలుండి చేశాం. పెద్ద పెద్ద సభలకి ఎత్తుకుని తీసుకెళ్ళాం. ఒక సభలో తల్లికి విశ్వాసం చాలలేదన్నారు. ఆ రాత్రి కూడా ఆమె ఎప్పటిలాగే రెండు గంటలకోసారి లేచి, ఒంటికి పుండ్లు పడకుండా వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టింది. విశ్వాసాన్ని కొలిచే టేపు ఏదైనా ఉంటే అది ఆ మంచం దగ్గర పెట్టి కొలవాలి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, దానితో బతకడానికి కావలసిన కృప దొరికింది. మేము ఇప్పటికీ రోజూ ప్రార్థన చేస్తాం. ఏదో జరగలేదని నమ్మకం వదలలేదు, ఏదో జరిగితేనే నమ్ముతామనీ అనలేదు.

కృప అనేది ఆకాశం నుంచి ఊడిపడుతుందని చాలామంది అనుకుంటారు. మా మందిరంలో అది సిమెంటుతో వచ్చింది. గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి, ఒక్కొక్కటి ఆరంగుళాలు. చక్రాల కుర్చీకి వాలు ఎంతుండాలంటే, ఎత్తు ఒక వంతైతే పొడవు పన్నెండు వంతులు. తేలిక లెక్క చెప్పాలంటే అంగుళానికి అడుగు. మూడు మెట్లకి 18 అడుగుల ర్యాంపు. యువజన సభ్యులు రెండు శనివారాలు పనిచేసి కట్టారు. మా బాబు కోసం కట్టిన ర్యాంపు మీద ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల అవ్వలు వస్తున్నారు, బిడ్డలని బండిలో తోసుకుంటూ తల్లులు వస్తున్నారు. నిశ్శబ్ద ప్రార్థనలో మావాడు గట్టిగా అరిస్తే మొదట్లో తలలు తిరిగేవి. ఇప్పుడు ఎవరూ తిరగరు. ఒక ఆదివారం మేము రాకపోతే ఫోన్లు వస్తాయి.

ఇక రెండో ప్రశ్న. ‘మా తరువాత?’

నాకు 56 ఏళ్ళు. బాబు బరువు 48 కిలోలు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి రోజుకి ఎనిమిదిసార్లు ఎత్తాలి. నా బలం ఏటా తగ్గుతోంది, వాడి బరువు తగ్గదు. మా ఆవిడ నడుముకి ఇప్పటికే బెల్టు ఉంది. బరువు ఎంతో, మోసే స్తంభం ఎన్నాళ్ళు నిలుస్తుందో లెక్కగట్టడం నా వృత్తి. కాబట్టి ఈ లెక్క నన్ను రాత్రిళ్ళు లేపుతుంది.

ఈ ప్రశ్నకి నాకు దారి చూపిన కథ రెండో సమూయేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. యోనాతాను, దావీదు ప్రాణస్నేహితులు. యోనాతాను యుద్ధంలో చనిపోయాడు. అతని కొడుకు మెఫీబోషెతుకి అప్పుడు ఐదేళ్ళు. ఆ వార్త విని దాది వాణ్ణి ఎత్తుకుని పరుగెడుతుంటే కింద పడి రెండు కాళ్ళూ పోయాయి. తరువాత రాజైన దావీదు, నా స్నేహితుడి కోసం నేను మేలు చేయడానికి అతని ఇంట్లో ఎవరైనా మిగిలారా అని అడిగి మరీ వెతికించాడు. దొరికాక ఏం చేశాడో చూడండి. తాతగారి భూములు తిరిగి ఇచ్చాడు. వాటిని సాగు చేయడానికి సీబా అనే అతన్ని, అతని పదిహేనుమంది కొడుకులని, ఇరవైమంది పనివాళ్ళని పెట్టాడు. రోజూ తన బల్ల దగ్గర, తన కొడుకుల వరుసలో భోజనం పెట్టాడు. ఆస్తి, దాన్ని చూసే మనిషి, పంక్తిలో చోటు, మూడూ ఉన్నాయి. అధ్యాయం ముగిసేసరికి కూడా అతని కాళ్ళు బాగుపడలేదు. బతుకు బాగుపడింది.

ఆ ఏర్పాటులోనూ తరువాత చిక్కు వచ్చింది. సీబా రాజు దగ్గర మెఫీబోషెతు మీద చాడీలు చెప్పి ఆస్తి మొత్తం తనకి రాయించుకున్నాడు. అంటే, మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్కలు చూసే కన్ను కూడా ఉండాలి. మన చట్టం ఈ సంగతి గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. బిడ్డకి 18 నిండితే చట్టం దృష్టిలో మేజరు, కన్నవాళ్ళమైనా సరే గార్డియన్‌గా నియమించమని జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. తల్లిదండ్రులు తమకి నచ్చిన మనిషి పేరు సూచించవచ్చు. గార్డియన్ ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా జమాఖర్చులు చూపాలి. ఆ ట్రస్టు కిందే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది. ఇలాంటి బిడ్డ ఉన్న ఇల్లు మీకు తెలిస్తే ఈ రెండు మాటలు వాళ్ళ చెవిన వేయండి. మనం పదో తరగతి పాసైన 1984లోనే సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ మొదలైంది. ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. చెంచా పట్టుకోవడం, సైగతో అడగడం మా బాబుకి నేర్పించే పద్ధతి మేము అక్కడే నేర్చుకున్నాం.

మన బ్యాచ్‌లో నా పక్కన కూర్చున్న స్నేహితుడు ఒకడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతాడు కాబట్టి చెప్పను. మా గుడికి వచ్చేవాడు కాదు, ఏటా శబరిమల వెళ్ళేవాడు. మా తరువాత బాబుకి గార్డియన్‌గా ఉంటావా అని రెండేళ్ళ క్రితం అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు. వారం తరువాత వచ్చి, ముందు అన్నం పెట్టడం నేర్పించు అన్నాడు. అప్పటినుంచి నెలకో ఆదివారం వస్తున్నాడు. మొదటిసారి గంటన్నర పట్టింది, చొక్కా నిండా పప్పు. ఇప్పుడు నలభై నిమిషాల్లో ముగిస్తున్నాడు. వాడు గేటు తీసిన చప్పుడుకే మావాడు నవ్వుతాడు. గార్డియన్‌గా వాడి పేరు పరిశీలించమని విల్లులో రాసి పెట్టాం. ఆ రాత్రి చాలా ఏళ్ళ తరువాత మా ఆవిడ, నేను తెల్లవారేదాకా వంతులవారీగా నిద్రపోయాం.

నా ప్రార్థనకి జవాబు ఏ రూపంలో వచ్చిందని ఎవరైనా అడిగితే, మాల వేసుకున్న రూపంలో వచ్చిందని చెబుతాను.

ఇప్పుడు నా కోరిక. మన బ్యాచ్‌లోనే ముగ్గురు ఇప్పుడు లేరు. మిగతా బ్యాచ్‌లలో ఇంకెందరో. సంఘం దగ్గర మనందరి ఫోన్ నంబర్లు ఉన్నాయి. దావీదు అడిగిన మాటే మన సంఘం కూడా అడగాలి. మన స్నేహితుల ఇళ్ళల్లో ఒకరి ఆసరా కావలసిన బిడ్డలు ఎవరున్నారు, వాళ్ళ దగ్గరికి నెలకో పూట వెళ్ళేది ఎవరు? విరాళం పుస్తకం తెరవక్కరలేదు, ఆ పేర్లు రాసుకునే పుస్తకం ఒకటి తెరిస్తే చాలు.

చివరిగా, మన బడి వరండాకి నాలుగు మెట్లున్నాయి. పొద్దున కొలిచాను, 24 అంగుళాలు. అంటే 24 అడుగుల ర్యాంపు. ఎడమవైపు వేపచెట్టు దాకా స్థలం సరిపోతుంది. డ్రాయింగు నేను గీసిస్తాను. ఇసుక, సిమెంటు ఎవరు తెస్తారో భోజనాల దగ్గర నాకు చెప్పండి.