కడబంతి
(గ్రంథాలయ రజతోత్సవ మహిళాసభ యందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను చాల వెనుకాడితిని. నేను పండితురాలను కాను. సభలలో మాటలాడిన అలవాటును లేదు. "నాకు తెలిసినది వంట యొక్కటే నాయనా" అంటిని. "అదియే చెప్పండి పిన్నిగారూ" అని ఆయన నవ్విరి. కావున నేడు వంటను గూర్చియే మాటలాడెదను. అయితే వంటకముల పట్టిక చదువుటకు నేను రాలేదు. ఇంటినిండ మగపిల్లలున్న తల్లి వారి ఆకలి తీర్చుటలో ఏమి నేర్చినదో, ఏమి మరచినదో, ఆ రెండును మీ ముందుంచెదను.

నేను 1971లో ఈ నరసాపురపు ప్రాంతమునకు కోడలినై వచ్చితిని. మాది వ్యవసాయపు కుటుంబము. మామగారు, నా భర్త, చిన్న మరిది, ఆపైన నాకు కలిగిన నలుగురు కుమారులు, వెరసి ఏడుగురు మగవారు. పెద్దవాడు పదియేండ్లు దాటిన తరువాత పూటకు రెండు మానికల బియ్యమునకు తక్కువ పొయ్యి ఎక్కలేదు. ఊడ్పులనాడు, మాసూళ్ళనాడు లెక్కయే లేదు. పిల్లలు బడినుండి వచ్చిరనగా పుస్తకముల సంచులు అరుగుమీదను, వారు వంటయింటిలోను ఉండెడివారు. "అమ్మా, ఏముంది?" అన్న ప్రశ్న తప్ప ఆ వేళ మరియొక మాట వినబడెడిది కాదు.

ఎదుగుచున్న బాలుని ఆకలిని చూచి విసుగుకొను తల్లులున్నారు. "వీని కడుపా, చెరువా?" అని నేనును అన్నదాననే. అది తప్పని తరువాత తెలిసినది. భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2020లో ప్రకటించిన పట్టికను చూడుడు. పదునారు మొదలు పదునెనిమిదేండ్ల బాలునకు దినమునకు 3,320 కిలోకెలరీల ఆహారము కావలెను. మధ్యరకపు శ్రమచేయు పురుషునకు 2,710 చాలును. అనగా తండ్రి తిన్నదానికంటె కొడుకు ఎక్కువ తినుట తిండిపోతుతనము కాదు, ఎముకయు కండయు పెరుగు వయస్సు యొక్క ధర్మము.

ఆ ఆకలిని తక్కువ ఖర్చుతో తీర్చుటకు మన పెద్దలు కనిపెట్టిన ఉపాయములు సామాన్యమైనవి కావు. ఉదయమున తరవాణిలో నానిన చద్దియన్నము, దానితో ఒక పచ్చిమిరపకాయ, ఒక ఉల్లిపాయ, ఒక ఆవకాయ ముక్క. సాయంకాలమున దిబ్బరొట్టె. ఒక వంతు మినపపప్పు రుబ్బి, రెండు వంతులు బియ్యపునూక కలిపి, మందమైన ఇనుపమూకుడులో నూనె పోసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచినచో అడుగు ఎఱ్ఱగా కరకరలాడుచు, లోపల దూదివలె ఉడుకును. బియ్యమును మినుమును కలిసినప్పుడు ఒకదానిలోని కొరతను మరియొకటి తీర్చునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మా ఇంట ఆ రొట్టెను నాలుగు ముక్కలుగా కోయుట పెద్దవాని వంతు. చిన్నవాడు తన ముక్కను తక్కిన వానితో కొలిచి చూచుకొన్న తరువాతనే తినెడివాడు.

అన్నము వండుటలోను ఒక విషయమున్నది. గంజి వార్చి పారబోయుటకంటె, కొలిచిన నీటితో అత్తెసరు పెట్టుట మేలు. మరపట్టి తెల్లగా చేసిన బియ్యమువలన కలుగు బెరిబెరి వ్యాధి ఒకప్పుడు మన సర్కారు జిల్లాలను చాల పీడించినది. ఆ వ్యాధిని గూర్చి 1918లో కూనూరునందు రాబర్టు మెకారిసన్ దొర ఒక చిన్న గదిలో పరిశోధన ప్రారంభించెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, పైన చెప్పిన పోషకాహార సంస్థయైనది. బియ్యపు తవుడులోను, వార్చిన గంజిలోను పోవు బలమును గూర్చి లోకమునకు తెలిపిన చరిత్రలో మన కంచములోని అన్నమునకు ఇంత చోటున్నది. కావున దంపుడు బియ్యము దొరకనివారు కనీసము గంజిని పారబోయక చారులోనో, తరవాణిలోనో కలుపుకొనుడు.

ఇంతవరకు నేను నేర్చినది చెప్పితిని. ఇక మరచినది చెప్పెదను.

నేను కాపురమునకు వచ్చిన మొదటివారముననే మా అత్తగారు ఒక నియమము చెప్పిరి. "అమ్మాయీ, మగవారి భోజనములైన తరువాతనే మనము." ఆమె చెడ్డ మనిషి కాదు. తానును అట్లే బ్రతికినది. మే మిద్దరమును అడుగున మిగిలిన అన్నమును పంచుకొని, మాటలాడుకొనుచు తినెడివారము. ఆమె కాలము చేసిన తరువాత ఆ నియమమును నేనొక్కతెను పాటించితిని. పప్పు అయిపోయినచో చారు, చారు అయిపోయినచో మజ్జిగ, అదియు లేనినాడు గిన్నె కడుగునప్పుడు అంటుకొనియున్న మాడుచెక్క. అందులో నాకు బాధయనిపించలేదు. పిల్లలు కడుపునిండ తినిరి గదా యను తృప్తి యుండెడిది.

1988లో ఊడ్పుల సమయమున నేను నూతియొద్ద బిందెతో కూడ పడిపోయితిని. నా భర్తయు పెద్దకుమారుడును నన్ను బండిమీద పట్టణమునకు తీసికొని పోయిరి. వైద్యుడు నా కంటిరెప్ప క్రిందికి లాగి చూచి, "రక్తము బొత్తిగా లేదు. ఏమి తినుచున్నారమ్మా?" అని యడిగెను. "అందరు తినునదే నండీ" అంటిని. అప్పుడు పదునైదేండ్ల నా పెద్దకుమారుడు ప్రక్కన నిలబడి, "మా అమ్మ తినుచుండగా నేనెన్నడును చూడలేదండీ" అనెను.

వాడు నన్ను తప్పుపట్టుటకు అనలేదు. చూచినది చెప్పెను. కాని ఆ మాటకు నా భర్త తలవంచుకొనిరి. పదునేడేండ్ల కాపురములో తా మెన్నడును అది గమనింపలేదని ఆయన తరువాత నాతో చెప్పిరి.

సోదరీమణులారా, మనలో ఒక సామెత యున్నది. వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను ఫరవాలేదని. ఇంటిలో వడ్డించునది తల్లియే, కడబంతిని కూర్చుండునదియు తల్లియే. అయినను ఆమె విస్తరిలో ఏమియు ఉండదు. ఈ సామెత ఒక్క తల్లి విషయముననే ఏల తప్పినదో మనము ఆలోచింపవలెను.

మహాభారతము మన ఇండ్లలో పలువురు చదివినదే. ఏకచక్రపురమున కుమారులు తెచ్చిన భిక్షాన్నమును కుంతీదేవి రెండు భాగములు చేసి, ఒక భాగము భీమునకిచ్చి, రెండవదానిని తక్కిన నలుగురు కుమారులతో కలిసి తాను భుజించెడిది. ఎవరి ఆకలికి తగినట్లు వారికి పెట్టినది. కాని తన పేరును ఆ లెక్కలో చేర్చుకొన్నది. అదే కథలో, వనవాసమున సూర్యుడిచ్చిన అక్షయపాత్ర ద్రౌపది భుజించువరకు మాత్రమే అన్నమిచ్చెడిది. ఆమె తిన్న తరువాత ఆనాటికి అది వట్టిది. ఆ పాత్రను గూర్చి విన్నప్పుడెల్ల, మన ఇండ్లలో దానిని తలక్రిందులుగా అర్థము చేసికొన్నామని నాకు తోచును. పాత్ర వట్టిదైన తరువాత తినుట మన స్త్రీల వ్రతమైనది.

ఈ వ్రతమునకు ఫలమేమో చూడుడు. పైన చెప్పిన 2020 నాటి పట్టికలోనే, పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలుననియు, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావలెననియు వ్రాసిరి. ఎక్కువ కావలసినవారికి అడుగంటినది, తక్కువ చాలినవారికి పైన తేలినది దక్కుచున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయస్సు గల స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనులు. ఇది బీదవారి ఇంటి మాట మాత్రమే కాదు. రెండు పంటలు పండు గోదావరి డెల్టాలో, ధాన్యపు పురి ఇంటిముందున్న నాకును ఇదియే జరిగినది.

ఇక శ్రమ మాట. మన నరసాపురపు లేసు లోకప్రసిద్ధమైనది. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీల మూలమున మనకు వచ్చిన ఈ విద్యకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేనును మధ్యాహ్నపు వేళ అరుగుమీద కూర్చుండి సూదితో లేసు అల్లినదాననే. మరియా మీస్ అను జర్మను విదుషి ఇచ్చటి స్త్రీలను గూర్చి పరిశోధించి, 1982లో లండనులో ఒక గ్రంథము ప్రకటించినది. ఇండ్లలో కూర్చుండి లేసు అల్లువారిని వట్టి గృహిణులుగా ఎంచి, వారి పనిని తీరికవేళ కాలక్షేపముగా తలచుటవలననే వారికి కూలి అంత తక్కువగా ముట్టినదని ఆమె చూపినది. లేసుకు పట్టిన గతియే వంటకును పట్టినది. 2019లో ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయు స్త్రీలు దానికి దినమునకు 299 నిమిషములు వెచ్చించుచుండగా, చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారని తేలినది. పురుషులలో ఆ పనికి చేయి కలుపువారే నూటికి 26 మంది. అయినను "మీ ఆవిడ ఏమి చేయును?" అని యడిగినచో "ఏమియు లేదండీ, ఇంటివద్దనే యుండును" అందుము.

మగవారికి వంట తగదని ఎవరైన అన్నచో నేను ఒప్పుకొనను. మంచి వంటకు మనము పెట్టుకొన్న పేరు నలభీమపాకము. నలుడును మగవాడే, భీముడును మగవాడే. భీముడు విరాటుని కొలువున వలలుడను పేర ఏడాదిపాటు గరిటె పట్టెను. దానివలన ఆయన గదకు గౌరవము తగ్గలేదు. నేడును మన పెండ్లిండ్లలో గాడిపొయ్యిలయొద్ద గంగాళములు దింపువారు మగవారే. వేయిమందికి వండగల చేయి ఇంటిలో నలుగురికి వండలేకపోవుట వింత గదా!

వశిష్ఠ దాటి కోనసీమకు పోయినచో లంకల గన్నవరము వచ్చును. అచ్చట డొక్కా సీతమ్మగారు, 1909లో స్వర్గస్థురాలగువరకు, వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతము వండిపెట్టిరి. ఆ తల్లి పేరు 2024లో మన రాష్ట్రపు బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు పెట్టిరి. సంతోషము. ఆ తల్లికి చేతులెత్తి మ్రొక్కుదము. అయితే ఆమెకు మ్రొక్కి ఇంటికి పోయిన తరువాత, మన ఇంటి అన్నపూర్ణను "నీవు తింటివా?" అని యడుగుట ఆ మ్రొక్కులో మిగిలిన భాగము.

మా ఇంట ఏమి జరిగినదో చెప్పి ముగించెదను. వైద్యునియొద్దనుండి వచ్చిన మరునాటి సాయంకాలము నా పెద్దకుమారుడు దిబ్బరొట్టెను ముందుంచుకొని చాలసేపు చూచి, అయిదు ముక్కలుగా కోసెను. నాలుగు కోయుట సులభము, అయిదు కోయుట కష్టము. ముక్కలు వంకరగా వచ్చినవి. చిన్నవాడు ఈమారు కొలవలేదు. అందులో పెద్దముక్కను నా చేతిలో పెట్టి, "మా ముందే తిను" అనెను. నేను తింటిని. ఆనాటినుండి మా ఇంట అందరికిని ఒకేమారు కంచములు పెట్టుట అలవాటైనది. మునగాకు పప్పు, తోటకూర, నిమ్మకాయ, నువ్వులుండ నా కంచములోనికిని వచ్చినవి. పిల్లలు నలుగురును అత్తెసరు పెట్టుట నేర్చిరి. మొదట అన్నము కొన్నాళ్ళు ముద్దయైనది, కొన్నాళ్ళు మాడినది. మామగారు ఒక్కనాడును వంక పెట్టక తినిరి. నేడు ఆ నలుగురును వారి వారి ఇండ్లలో గరిటె పట్టుచున్నారని నా కోడండ్రు చెప్పుచున్నారు.

కావున మీకు నా మనవి మూడు మాటలు. తల్లులారా, వండిన వెంటనే మీ వాటాను వేరుగా తీసి మూతపెట్టుడు, లేదా అందరితో కూర్చుండి తినుడు. అది స్వార్థము కాదు. తండ్రులారా, కంచము ముందు కూర్చున్నప్పుడు ఒకమారు గిన్నెలోనికి తొంగిచూడుడు. నాయనలారా, పదియేండ్లు నిండిన మగపిల్లవానికి అక్షరములతోపాటు అత్తెసరును రావలెను.

మా ఇంట పనులు పంచుకొన్న తరువాతనే నాకు సాయంకాలము ఒక గంట మిగిలినది. మన గ్రంథాలయము తెరచినప్పుడు ఆ గంటతోనే నేను ఈ గడప త్రొక్కితిని. మొదట తీసికొన్న పుస్తకము పూర్తియగుటకు నెల పట్టినది. మీలో ఎందరో స్త్రీలు చందాదారులుగా పేరు వ్రాయించుకొని, తీరికలేక పుస్తకము తీసికొనకయే యున్నారని కార్యదర్శిగారు చెప్పిరి. ఆ పుస్తకములు బీరువాలలో మీకొరకు వేచియున్నవి. అవి మీ చేతికి చేరుటకు దారి మీ వంటయింటినుండియే పోవుచున్నది.